ప్రసార ప్రాంతానికి పేరు ఎక్కడి నుంచి వస్తుంది? ప్రాంతీయ టెలివిజన్ పేర్లు, హద్దులు, గుర్తులు

తరంగలేఖ

దేశ పటం మీద రాష్ట్రాలు, జిల్లాలు, ఊళ్లు, వాటి పేర్లు టెలివిజన్ రాకముందే ఉన్నాయి. ప్రసార ప్రాంతం అలా కాదు. అది ఒక టవరు ఎత్తును బట్టి, ఒక లైసెన్సు ఒప్పందాన్ని బట్టి ఏర్పడుతుంది. అక్కడి ప్రజలు అంతకు ముందు ఎన్నడూ ఒకే ప్రాంతం వాళ్లమని అనుకుని ఉండకపోవచ్చు. అలాంటి ప్రాంతానికి ఎవరో ఒకరు పేరు పెడతారు, ఆ పేరు రోజూ సాయంత్రం వార్తల ముందు తెర మీద కనబడుతుంది, కొన్నేళ్లకు జనం దాన్ని తమ ప్రాంతం పేరుగానే వాడడం మొదలుపెడతారు. ఈ క్రమం ఎలా జరుగుతుందో కలిసి చర్చించాలని ఈ అంశం ప్రారంభిస్తున్నాను.

అన్నిటికంటే మంచి ఉదాహరణ బ్రిటన్‌లోని ప్రైవేటు టెలివిజన్ వ్యవస్థ ఐటీవీ అని నా అభిప్రాయం. 1954 నాటి టెలివిజన్ చట్టం ప్రకారం ఏర్పడిన ఇండిపెండెంట్ టెలివిజన్ అథారిటీ టవర్లను తన చేతిలో ఉంచుకుని, కార్యక్రమాలు నడిపే హక్కును మాత్రం ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క ప్రైవేటు సంస్థకు ఇచ్చింది. 1955 సెప్టెంబరు 22న లండన్‌లో మొదలైన ఈ ఏర్పాటు 1962 నాటికి ఛానెల్ దీవుల దాకా విస్తరించింది. ఆ సంస్థల పేర్లను వరుసగా చూస్తే ఎంత తేడా ఉందో గమనించండి. ఆంగ్లియా తూర్పు ఇంగ్లండ్‌లోని ఒక పాత ప్రాంతనామం. టైన్ టీస్ రెండు నదుల పేర్లు. బోర్డర్ అంటే సరిహద్దు. సదరన్ ఒక దిక్కు. గ్రాంపియన్ ఒక పర్వతశ్రేణి. గ్రనాడా అయితే ఆ దేశంలోని పేరే కాదు. వీటిలో ఏ రకం పేరు ప్రజల్లో నిలిచింది, ఎందుకు నిలిచింది అన్నది నా ప్రశ్న.

శిఖరాగ్రం

పేర్ల దగ్గరకు వెళ్లే ముందు హద్దుల సంగతి చూడాలి, ఎందుకంటే పేరు ఇబ్బందుల్లో పడిన చోట చాలాసార్లు అసలు ఇబ్బంది హద్దుది. ఐటీవీ తొలి రోజుల్లో ప్రసారాలు వీహెచ్ఎఫ్ తరంగాల మీద నడిచేవి. అవి చాలా దూరం వెళ్తాయి కనుక ఒక్కొక్క ప్రాంతం పెద్దదిగా ఉండేది. ఇంగ్లండ్ ఉత్తర భాగంలో పశ్చిమాన వింటర్ హిల్, తూర్పున ఎమ్లీ మూర్ టవర్లు రెండూ కలిపి ఒకే ప్రాంతంగా, "నార్త్" అన్న పేరుతో ఉండేవి. మధ్యలో పెన్నైన్ కొండలున్నాయి. అటు లాంకషైర్‌కు, ఇటు యార్క్‌షైర్‌కు ఉన్న పోటీ శతాబ్దాల నాటిది. అయినా అథారిటీ దృష్టిలో అది ఒకటే ప్రాంతం. 1968లో మాత్రమే దాన్ని రెండుగా విడగొట్టి, తూర్పు భాగాన్ని కొత్తగా వచ్చిన యార్క్‌షైర్ టెలివిజన్‌కు అప్పగించారు.

ఆ కొత్త సంస్థ ప్రసారాలు మొదలై ఏడాది కూడా గడవక ముందే, 1969 మార్చి 19న, ఎమ్లీ మూర్‌లోని 385 మీటర్ల ఉక్కు మాస్టు మంచు పేరుకుని కూలిపోయింది. దాని స్థానంలో కట్టిన 330 మీటర్ల కాంక్రీటు టవరు 1971లో పనిలోకి వచ్చింది. ఈ సంఘటనను ప్రస్తావించడానికి కారణం ఉంది. యార్క్‌షైర్ అనే కౌంటీ (మన జిల్లా లాంటిది) మాస్టు కూలినా ఎక్కడికీ పోదు, కానీ "యార్క్‌షైర్ టెలివిజన్ ప్రాంతం" ఆ సాయంత్రం చాలా ఇళ్లలో మాయమైంది. పేరు ఒకటే అయినా ఆ రెండూ వేర్వేరు వస్తువులు.

ఇంకా స్పష్టమైన ఉదాహరణ బెల్మాంట్. లింకన్‌షైర్‌లోని ఆ టవరు మొదట ఆంగ్లియా కింద ఉండేది. 1974లో దాన్ని యార్క్‌షైర్ టెలివిజన్‌కు బదిలీ చేశారు. ఒక్క ఇల్లు కదలలేదు, ఒక్క కౌంటీ హద్దు మారలేదు. అయినా లింకన్‌షైర్ ప్రజలకు, వాళ్లతో పాటు నార్‌ఫోక్ వాయవ్య కొసన ఉండి ఆ టవరు వైపు యాంటెన్నా తిప్పుకున్న వాళ్లకు, ప్రాంతీయ వార్తలు ఆంగ్లియా కేంద్రమైన నారిచ్ బదులు యార్క్‌షైర్ టెలివిజన్ కేంద్రమైన లీడ్స్ నుంచి రావడం మొదలైంది. నార్‌ఫోక్ అంటే ఆంగ్లియాకు గుండెకాయ వంటి కౌంటీ. అక్కడి మనిషికి తెర మీద యార్క్‌షైర్ అన్న పేరు కనబడింది. ఇక్కడ తప్పు పేరుదా, హద్దుదా అన్నది ఆలోచించవలసిన విషయం.

పటవిహారి

శిఖరాగ్రం గారు చెప్పినదానికి పేరు వైపు నుంచి కొంత చేరుస్తాను. పేరు ఎంత నిర్దిష్టంగా ఉంటే అంత మందిని అది బయట నిలబెడుతుంది. 1959 జనవరిలో మొదలైన టైన్ టీస్ టెలివిజన్ దీనికి నిదర్శనం. ఈశాన్య ఇంగ్లండ్‌లో ఉత్తరం నుంచి దక్షిణానికి టైన్, వేర్, టీస్ అని మూడు నదులు సముద్రంలో కలుస్తాయి. న్యూకాసిల్ టైన్ మీద, మిడిల్స్‌బ్రో టీస్ మీద ఉన్నాయి. ఈ రెంటి మధ్య వేర్ మీద సండర్లాండ్ ఉంది. రెండు చివరలూ పేరులోకి ఎక్కాయి, నడిమి నది ఎక్కలేదు. పేరు పెట్టినవాళ్లు "ఈ నది నుంచి ఆ నది దాకా" అన్న అర్థంతోనే పెట్టి ఉండవచ్చు, ఆ దృష్టితో చూస్తే వేర్ లోపలే ఉంది. కానీ సండర్లాండ్ మనిషి పటం చూసి తన ఊరిని వెతుక్కోడు, పేరులో తన నదిని వెతుక్కుంటాడు. న్యూకాసిల్‌తో ఫుట్‌బాల్‌లోనూ, మిగతా అన్నిటిలోనూ పోటీపడే ఊరికి ఇది చిన్న విషయం కాదు.

అల్స్టర్ టెలివిజన్ విషయంలో ఇబ్బంది మరో రకం. 1959 అక్టోబరు 31న మొదలైన ఆ సంస్థ లైసెన్సు ఉత్తర ఐర్లండ్‌కు, అంటే ఆరు కౌంటీలకు. చారిత్రకంగా అల్స్టర్ అనే ప్రావిన్సులో తొమ్మిది కౌంటీలు ఉన్నాయి, మూడు సరిహద్దుకు అవతల ఐర్లండ్ రిపబ్లిక్‌లో ఉన్నాయి. ఆరు కౌంటీలకు తొమ్మిది కౌంటీల పేరు పెట్టడం అక్కడి రాజకీయాల్లో తటస్థమైన పని కాదు. తరంగాలకు సరిహద్దు తెలియదు కనుక అవతలి కౌంటీల్లోనూ చాలామంది ఆ ఛానెల్ చూశారన్నది కూడా నిజమే. చట్టం ప్రకారం పేరు ప్రాంతం కంటే పెద్దది, కానీ తరంగాలు ఆ పేరుకు దగ్గరగానే వెళ్లాయి.

నా మటుకు అన్నిటికంటే తెలివైన పేరు బోర్డర్. 1961 సెప్టెంబరులో కార్లైల్ కేంద్రంగా మొదలైన ఆ సంస్థ ఇంగ్లండ్ వాయవ్య మూలనూ, స్కాట్లండ్ దక్షిణ అంచునూ కలిపి చూసుకోవలసి వచ్చింది. ఏ ఒక్క వైపు పేరు పెట్టినా రెండో వైపు పరాయిదవుతుంది. అందుకని రెంటినీ విడదీసే గీతనే పేరుగా పెట్టారు. గీతకు ఇటూ అటూ ఉన్నవాళ్లు ఇద్దరూ ఆ గీత మాదేనని చెప్పుకోగలరు.

తెరవెనుక

బోర్డర్ విషయంలో పటవిహారి గారితో ఏకీభవిస్తాను. అయితే నిర్దిష్టమైన పేరు బయట నిలబెడుతుందన్న సూత్రానికి గ్రనాడా ఎలా సరిపోతుందో ఆలోచించాలి. అది స్పెయిన్‌లోని అండలూసియాలో ఉన్న నగరం పేరు. సిడ్నీ బెర్న్‌స్టీన్ కుటుంబం తమ సినిమా థియేటర్ల గొలుసుకు ఆ పేరు పెట్టుకుంది, 1956 మే 3న మాంచెస్టర్ నుంచి టెలివిజన్ మొదలుపెట్టినప్పుడు అదే పేరు కొనసాగించింది. ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతానికీ ఆ నగరానికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఐటీవీ ప్రాంతాలన్నిటిలో ప్రజలు దేశంలాగా పిలుచుకున్నది దాన్నే. "గ్రనాడాలాండ్" అన్న మాట వాడుకలోకి వచ్చింది.

దీనికి కారణం ఆ సంస్థ ప్రవర్తనలో ఉందని నా నమ్మకం. కార్యక్రమాల ముందు "ఫ్రమ్ ద నార్త్" అని వేసుకునేది. బాణం గుర్తు పైకి, అంటే ఉత్తరం వైపు చూసేది. లండన్‌లో స్టూడియో పెట్టి పేరుకు మాంచెస్టర్‌లో ఆఫీసు ఉంచుకోకుండా, మాంచెస్టర్‌లోనే ప్రత్యేకంగా స్టూడియోలు కట్టింది. పేరు పరాయిదైనా పని స్థానికం. పైగా పరాయి పేరుకు ఒక సౌలభ్యం ఉంది: లివర్‌పూల్‌దీ కాదు, మాంచెస్టర్‌దీ కాదు. ఆ రెండు నగరాల్లో ఏ ఒక్కదాని పేరు పెట్టినా రెండోది ఒప్పుకునేది కాదు. వాళ్లు ఇంత ఆలోచించి పెట్టారని అనడం లేదు, జరిగింది మాత్రం అదే.

దీనికి సరిగ్గా ఎదురుగా హార్లెక్‌ను నిలపవచ్చు. దక్షిణ వేల్స్‌లోని సెయింట్ హిలరీ టవరు నుంచి వచ్చే ప్రసారం బ్రిస్టల్ ఛానెల్ దాటి ఇంగ్లండ్ పశ్చిమ తీరానికీ చేరేది. అందువల్ల వేల్స్‌నూ పశ్చిమ ఇంగ్లండ్‌నూ ఒకే లైసెన్సు కింద పెట్టారు. మొదటి సంస్థ తన పేరును ఉన్నదున్నట్టుగా "టెలివిజన్ వేల్స్ అండ్ ద వెస్ట్" అని పెట్టుకుంది. 1968లో దాని స్థానంలోకి వచ్చిన సంస్థ తన ఛైర్మన్ లార్డ్ హార్లెక్ పేరు మీద హార్లెక్ టెలివిజన్ అయింది. హార్లెక్ అంటే కోటకు ప్రసిద్ధమైన వేల్స్ ఊరు. బ్రిస్టల్‌లో కూర్చుని టెలివిజన్ చూసేవాళ్లకు అది తమ పేరుగా ఎలా అనిపిస్తుంది? కొద్ది కాలంలోనే పేరును హెచ్‌టీవీ అని మూడు అక్షరాలకు కుదించారు. లోపల మాత్రం హెచ్‌టీవీ వేల్స్, హెచ్‌టీవీ వెస్ట్ అని రెండు సేవలు వేర్వేరుగా నడిచాయి. ఇద్దరినీ సంతృప్తిపరచే పేరు దొరకనప్పుడు ఏ అర్థమూ లేని అక్షరాలు ఆదుకుంటాయి.

తరంగలేఖ

తెరవెనుక గారూ, మీ పోలిక నా ప్రశ్నను మరో మెట్టు ముందుకు తీసుకెళ్లింది. గ్రనాడా, హార్లెక్ రెండూ ఊళ్ల పేర్లే, రెండూ వ్యాపార కారణాలతో వచ్చినవే. మొదటిది ఆ ప్రాంతంలో ఎవరిదీ కాకపోవడం వల్ల అందరిదైంది, రెండోది ఒక పక్షానిదై రెండో పక్షానికి దూరమైంది. మరి దిక్కుల పేర్ల సంగతేమిటి? అవి ఎవరి పక్షమూ వహించవు కదా?

నాలుగుదిక్కులు

దిక్కు పేరు పక్షం వహించదన్న మాటతో నేను ఏకీభవించలేను. "దక్షిణం" అనాలంటే ఎక్కడో ఒక చోట నిలబడి అనాలి, ఆ చోటు ఎప్పుడూ రాజధానే. దక్షిణ తీరంలో ఉన్నవాడికి తన ఊరు దక్షిణం కాదు, అది తన ఊరు. సదరన్ టెలివిజన్ 1958లో సౌతాంప్టన్ కేంద్రంగా మొదలై, ఆ తరువాత డోవర్ టవరుతో కెంట్ దాకా విస్తరించింది. ఆగ్నేయాన ఉన్నవాళ్లకు సౌతాంప్టన్ వార్తలతో ఏ సంబంధమూ లేదు. "సదరన్" అన్న పేరు ఇద్దరికీ సరిపోయినట్టే కనబడి, ఆ దూరాన్ని ఇరవై ఏళ్లకు పైగా కప్పిపుచ్చింది. 1982లో ఆ లైసెన్సును టీవీఎస్ అనే మరో టెలివిజన్ సంస్థకు ఇచ్చినప్పుడు ఆగ్నేయానికి ప్రత్యేక సేవ ఉండాలన్న షరతు పెట్టవలసి వచ్చింది. 1993లో దాని స్థానంలో వచ్చిన మెరిడియన్ (అంటే రేఖాంశం) అనే సంస్థ పేరుకు దిక్కును వదిలి గ్రీనిచ్ రేఖాంశాన్ని ఎంచుకుంది. ఆ రేఖ ససెక్స్‌లోని పీస్‌హేవెన్ దగ్గర తీరాన్ని దాటి సముద్రంలోకి పోతుంది. అందమైన ఎంపికే, కానీ రేఖాంశం మీద ఎవరూ నివసించరు.

దిక్కుల పేర్లకు అసలైన రాజ్యం జర్మనీ. అక్కడి ప్రాంతీయ ప్రసార సంస్థల హద్దులు రెండో ప్రపంచ యుద్ధం తరువాత గెలిచిన దేశాలు జర్మనీని పంచుకున్న ఆక్రమణ మండలాల నుంచి పుట్టాయి. బ్రిటిష్ మండలమంతటికీ ఒకే సంస్థ, పేరు వాయవ్య జర్మన్ రేడియో, ఎన్‌డబ్ల్యూడీఆర్. 1956లో దాన్ని విడదీసినప్పుడు ఉత్తరానికి ఎన్‌డీఆర్, పశ్చిమానికి డబ్ల్యూడీఆర్ ఏర్పడ్డాయి. నైరుతి కథ ఇంకా ఆసక్తికరం. అక్కడ అమెరికన్ సైన్యానికి కార్ల్స్‌రూహే, స్టుట్‌గార్ట్, ఉల్మ్ నగరాలను కలిపే ఆటోబాన్ తన చేతిలో ఉండాలి. అందుచేత ఆ రహదారికి ఉత్తరంగా అమెరికన్ మండలం, దక్షిణంగా ఫ్రెంచి మండలం ఏర్పడ్డాయి. బాడెన్, వుర్టెంబర్గ్ అనే రెండు పాత రాజ్యాలూ అడ్డంగా చీలిపోయాయి. అమెరికన్ల వైపు స్టుట్‌గార్ట్‌లో దక్షిణ జర్మన్ రేడియో, ఫ్రెంచివాళ్ల వైపు బాడెన్‌బాడెన్‌లో నైరుతి రేడియో వెలిశాయి. 1952లో ఆ భాగాలన్నీ బాడెన్‌వుర్టెంబర్గ్ అనే ఒకే రాష్ట్రమయ్యాయి. ఆక్రమణ ముగిసింది, సైనిక మండలాలు పోయాయి, కానీ రెండు ప్రసార సంస్థలూ 1998 దాకా అదే గీత మీద విడివిడిగా నిలిచాయి. ఒక సైన్యానికి రోడ్డు కావలసి వచ్చినందుకు అర్ధ శతాబ్దం పాటు పక్కపక్క ఊళ్లవాళ్లు వేర్వేరు ప్రాంతీయ వార్తలు విన్నారు. పేరులో మాత్రం రెండూ దిక్కులే, దాని వెనకున్న చరిత్రను ఏ మాత్రం బయటపెట్టని దిక్కులు.

శిఖరాగ్రం

అమెరికాలో ప్రాంతానికి పేరు పెట్టేది ప్రసారకర్త కాదు, ప్రేక్షకులను లెక్కించే సంస్థ. నీల్సన్ అనే ఆ సంస్థ దేశాన్ని 210 మార్కెట్లుగా విభజించింది. ఏ కౌంటీ ప్రజలు ఎక్కువగా ఏ నగరపు స్టేషన్లు చూస్తారో ఆ కౌంటీ ఆ మార్కెట్‌లోకి వెళ్తుంది. పేర్లు నగరాలను వరుసగా పేర్చినవి: ఆల్బనీ, షెనెక్టడీ, ట్రాయ్ అని ఒకటి, గ్రీన్‌విల్, స్పార్టన్‌బర్గ్, యాష్‌విల్, ఆండర్సన్ అని మరొకటి. పొడుగ్గా ఉన్నా ఈ పద్ధతిలో నిజాయితీ ఉంది, ఏ నగరమూ మిగతావాటిని మింగలేదు.

హద్దుల విషయంలో మాత్రం అక్కడా అదే బాధ. కొలరాడో రాష్ట్రపు నైరుతి మూలన డురాంగో పట్టణమున్న లా ప్లాటా కౌంటీ పొరుగు రాష్ట్రపు ఆల్బుకర్కీ, శాంటా ఫే మార్కెట్‌లో ఉంది. సొంత రాష్ట్ర శాసనసభ ఎన్నికల ప్రకటనలు కనబడక, న్యూమెక్సికో అభ్యర్థుల ప్రకటనలు చూడవలసి వచ్చిందని అక్కడివాళ్లు ఏళ్ల తరబడి ఫిర్యాదు చేశారు. ఎవరికి ఓటు వేయాలో తెలుసుకోవలసిన మనిషికి ఇది పేరు గురించిన పట్టింపు కాదు, హక్కుకు సంబంధించిన విషయం.

పటవిహారి

దూరదర్శన్ ప్రాంతీయ ఛానెళ్ల పేర్లను ఈ వరుసలో చూడడం అవసరం. సహ్యాద్రి, గిర్నార్, పొదిగై, సప్తగిరి, యాదగిరి, అన్నీ కొండలే. ఇక్కడ ప్రాంతాన్ని నిర్ణయించినది టవరు కంటే ఎక్కువగా భాష, రాష్ట్రం. భాష పేరు ఎలాగూ అందరికీ తెలిసినదే కనుక, ఆ భాష మాట్లాడేవాళ్లు గౌరవించే ఒక స్థలాన్ని ఎంచుకున్నారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు సప్తగిరి ఆంధ్రప్రదేశ్‌కు ఉండి, తెలంగాణకు యాదగిరి వచ్చింది. ఛానెల్ పేరు భాషది అయి ఉంటే ఈ పంపకం ఇంత సులభంగా తేలేది కాదు, రెండు రాష్ట్రాలదీ తెలుగే కదా. దీనికి ఎదురు దిశలో, పొదిగై 2024లో డీడీ తమిళ్ అయింది. దేశం నలుమూలల్లో ఉపగ్రహం ద్వారా చూసే ప్రేక్షకుడికి కొండ పేరు కంటే భాష పేరు త్వరగా తెలుస్తుందన్నది ఒప్పుకోవలసిందే. అయినా కొండ పేరు పోవడం వల్ల ఒక చిరునామా పోయిందని నా అభిప్రాయం.

తెరవెనుక

పేర్ల గురించి ఇంత మాట్లాడాక గుర్తుల గురించి చెప్పకపోతే చర్చ అసంపూర్తి అవుతుంది. ఆంగ్లియా గుర్తు వెండి గుర్రపు రౌతు. చేతిలో బల్లెం, బల్లేనికి చిన్న జెండా. నల్లని నేపథ్యం మీద ఆ ప్రతిమ మెల్లగా గుండ్రంగా తిరుగుతూ వెలుగును పట్టి వదులుతుంటే వెనక హాండెల్ స్వరపరచిన వాటర్ మ్యూజిక్ నుంచి ఒక భాగం వినబడేది. చివరికి కెమెరా జెండా మీదకు చేరేది, దాని మీద ఆంగ్లియా అని రాసి ఉండేది. ఆ ప్రతిమ 1850లో నెదర్లాండ్స్ రాజు కోసం చేయించినది, తూర్పు ఇంగ్లండ్‌తో దానికి పుట్టుసంబంధం లేదు. అయినా 1959 నుంచి 1988 దాకా రోజూ కనబడి ఆ ప్రాంతానికి ముఖమైంది. ప్లిమత్ నుంచి నడిచిన వెస్ట్‌వర్డ్ అనే ఐటీవీ సంస్థ, నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ ఓడ గోల్డెన్ హైండ్ నమూనాను గుర్తుగా పెట్టుకుంది. డ్రేక్ ప్లిమత్ ఉన్న డెవన్ కౌంటీలోనే పుట్టినవాడు కనుక ఆ గుర్తుకు స్థానిక మూలముంది. గుర్తు ఎక్కడ పుట్టిందన్నది కాక, ఎన్నేళ్లు మారకుండా ఎదురుగా ఉందన్నదే ముఖ్యమని ఈ రెంటినీ చూస్తే అర్థమవుతుంది.

1989లో ఐటీవీ దేశమంతటికీ ఒకే రూపం తేవాలనుకున్నప్పుడు కొన్ని సంస్థలు ఒప్పుకోలేదు. 2002 అక్టోబరు 28న మాత్రం ఇంగ్లండ్‌లో ప్రాంతీయ పేర్లు కార్యక్రమాల మధ్య నుంచి తొలగి, ఐటీవీ1 అన్న ఒక్క పేరే నిలిచింది. 2004లో గ్రనాడా, మరో పెద్ద ఐటీవీ సంస్థ కార్ల్‌టన్ విలీనమై ఐటీవీ పీఎల్‌సీ అనే ఒకే కంపెనీ ఏర్పడేసరికి విడి సంస్థల కాలం అక్కడ దాదాపు ముగిసింది.

నాలుగుదిక్కులు

ఆ మార్పును నష్టంగా మాత్రమే చూడడం సరికాదు. 2002 నాటికి ఆ సంస్థల్లో చాలా భాగం గ్రనాడా, కార్ల్‌టన్ అనే రెండు యాజమాన్యాల కిందకు చేరాయి. తెర మీద వేర్వేరు పేర్లు వేసి, వెనక ఒకే ఆఫీసు నుంచి ఒకే కార్యక్రమాలు నడిపితే అది ప్రేక్షకుడికి ఉన్న విషయం చెప్పకపోవడమే. ప్రాంతీయ నిర్ణయాధికారం పోయాక ప్రాంతీయ పేరు పోవడం న్యాయం. నేను బాధపడేది నిర్ణయాధికారం పోయినందుకు. పేరును నిలబెట్టమని కోరేవాళ్లు ముందుగా స్టూడియోను, విలేకరులను, బడ్జెట్టును నిలబెట్టమని కోరాలి.

తరంగలేఖ

నాలుగుదిక్కులు గారి చివరి వాక్యాన్ని పూర్తిగా అంగీకరిస్తాను. దానికి రుజువు కూడా బోర్డర్‌లోనే దొరుకుతుంది. 2009లో ఖర్చు తగ్గించడానికి బోర్డర్ వార్తలను టైన్ టీస్‌తో కలిపి గేట్స్‌హెడ్ నుంచి నడపడం మొదలుపెట్టారు. బోర్డర్ అన్న పేరు తీసివేయలేదు, కానీ తూర్పు తీరపు నగరాల వార్తల మధ్య కొండల మీది పల్లెలకు దొరికే నిమిషాలు తగ్గాయి. పేరు ఉన్నా లాభం లేకపోయింది. స్థానికుల నుంచి, రాజకీయ నాయకుల నుంచి నిరసన వచ్చింది. 2013లో బోర్డర్‌కు విడిగా పూర్తి నిడివి వార్తా కార్యక్రమం తిరిగి మొదలైంది. స్కాట్లండ్ వైపు ప్రేక్షకులకు తమ పార్లమెంటు గురించిన ప్రత్యేక కార్యక్రమం 2014లో వచ్చింది.

అయితే ఒక్క విషయంలో భేదిస్తాను. పేరు మిగిలి ఉండడం వల్లనే ఆ నిరసనకు ఒక చిరునామా దొరికింది. "మా బోర్డర్ మాకు కావాలి" అని అడగడానికి బోర్డర్ అన్న మాట వాళ్ల నోట అప్పటికి నలభై ఏళ్లకు పైగా ఉంది. అదే హద్దుకు మొదటి నుంచి ఒక అంకె మాత్రమే ఉండి ఉంటే, ఏ సేవ తగ్గిందో చెప్పుకోవడమే వాళ్లకు కష్టమయ్యేది. ఇవాళ కూడా మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫర్డ్ నుంచి వచ్చే ఐటీవీ సాయంత్రపు వార్తలు గ్రనాడా రిపోర్ట్స్ పేరుతోనే, లీడ్స్ నుంచి వచ్చేవి క్యాలెండర్ పేరుతోనే నడుస్తున్నాయి. యార్క్‌షైర్ టెలివిజన్ 1968లో పెట్టిన ఆ క్యాలెండర్ అన్న పేరులో ప్రాంతం ఊసే లేదు. లింకన్‌షైర్ వాళ్లకూ, నార్‌ఫోక్ కొసన ఉన్నవాళ్లకూ యార్క్‌షైర్ కంటే అది తక్కువ పరాయిగా అనిపించి ఉంటుందా అన్నది బెల్మాంట్ సంగతి ఎత్తిన శిఖరాగ్రం గారు చెబితే వినాలని ఉంది.

శిఖరాగ్రం

తప్పకుండా తక్కువ పరాయిగానే అనిపించి ఉంటుందని నా అభిప్రాయం, ఎందుకంటే వార్తల పేరు ఎవరి కౌంటీనీ బయట నిలబెట్టలేదు. కానీ బెల్మాంట్ పరిధిలోని హల్‌లో, లింకన్‌లో విలేకరులు లేకుండా, లీడ్స్ వీధుల వార్తలే వస్తే ఎంత తటస్థమైన పేరూ ఆ లోటును రెండు వారాలకు మించి కప్పిపుచ్చలేదు. బెల్మాంట్ టవరు పరిధికి ప్రత్యేకంగా తూర్పు సంచిక అని ఒక విడి వార్తా భాగం తరువాత ఏర్పాటు చేశారు. ఆ ప్రేక్షకులకు అసలు కావలసింది అదే.